ఏ పంక్తి మదాచ్‌ది, ఏది అరానీది?

ప్రశ్న: హంగరీ కవి ఇమ్రె మదాచ్ నాటకం ‘మానవుడి విషాదం’ మీద మరో కవి యానోష్ అరానీ చెయ్యి చాలా పడిందట. పరిశోధకులు ఆ దిద్దుబాట్లన్నీ తీసేసి మదాచ్ రాసింది రాసినట్టు అచ్చు వేస్తే సరిపోదా? - ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. ఆ దిద్దుబాట్లకు ఒప్పుకున్నది సాక్షాత్తూ మదాచే.

1860లో నాటకం ముగించి, మరుసటి ఏడు రాతప్రతిని అరానీ చేతిలో పెట్టాడు. అరానీ అప్పటికే పెద్ద కవి. మొదట కాస్త చదివి, జర్మన్ కవి గెథె నాటకం ‘ఫౌస్ట్’కి అనుకరణే అనుకుని పక్కన పడేశాడు. మళ్లీ తీసి పూర్తిగా చదివాక మాత్రం వదల్లేదు. భావం జోలికి పెద్దగా పోకుండా భాషనూ ఛందస్సునూ సరిచేస్తూ పోయాడు.

మొదటి దృశ్యమే చూడండి. సృష్టి ముగించి దేవుడు మాట్లాడతాడు. ‘మహాకార్యం పూర్తయింది, అవును’ అన్న మాట మదాచ్‌ది. ఆ తర్వాత ఆయన రాసుకున్నది, అన్నీ ఎంత చక్కగా అమిరాయంటే లక్షల ఏళ్లు హాయిగా తిరుగుతుందనుకుంటాను అని. అరానీ అది కొట్టేసి ‘యంత్రం తిరుగుతోంది, సృష్టికర్త విశ్రమిస్తున్నాడు’ అని పెట్టాడు. హంగరీలో నోటికి వచ్చే పంక్తి ఇదే! 1863లో రెండో ముద్రణకు మదాచ్ తానే మార్పులు చేశాడు, ఈ పంక్తిని మాత్రం ఉంచుకున్నాడు. మరి దాన్ని ఇప్పుడు మనం ఏ హక్కుతో తీసేస్తాం?

అలాగని దిద్దుబాట్లతో స్థిరపడిన చివరి పాఠం ఒక్కటే వేసి ఊరుకున్నా అన్యాయమే. మదాచ్ సొంత గొంతు, ఆ మోటుదనంతో సహా, మరుగున పడిపోతుంది. అందుకే 2005లో పరిశోధకుడు ఫెరెన్స్ కెరేని తెచ్చిన పరిష్కృత ప్రతి అంటే నాకంత గౌరవం. అందులో పాఠాలు పక్కపక్కనే ఉంటాయి. ఏ మార్పు ఎవరిదో చూపించడమే దాని పని. అది తేలిక కాదు. పూర్తి పంక్తి మారిస్తే చేతిరాత పట్టిస్తుంది. ఒక్క కామా చేర్చినా, ఒక్క అక్షరం కొట్టేసినా ఆ గీత ఎవరిదని చెప్పడం? దానికోసం చేతిరాత నిపుణుడి సాయం కూడా తీసుకున్నారు. సాహిత్యంలో ఇంత ఓపిక అక్కర్లేదనేవాళ్లతో నేను ఏకీభవించను.

‘రాసింది రాసినట్టు’ అన్న కోరిక తీరడానికి అసలు కవి రాతప్రతి దొరకాలి కదా. 1594లో చనిపోయిన హంగరీ కవి బాలింట్ బలాషి ప్రేమకవితలు 1874లో గానీ బయటపడలేదు, అదీ వేరే చేతుల నకలులో. అక్కడ పరిష్కర్త నకలు రాసినవాడి తప్పులను దాటుకుని కవి మాటను ఊహించాలి, ఆ ఊహకు ఆధారం పేజీ అడుగున చెప్పాలి. మదాచ్ విషయంలో ఊహతో పనిలేదు, ఇద్దరి రాతా కళ్లెదుటే ఉంది. ఉన్న రెంటిలో ఒకదాన్ని దాచమనడమే నాకు నచ్చదు.