అల్మారాలు కొట్టించబోతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

గోపాల్‌పూర్‌లో ఫ్లాటు కొన్నావని మీ బాపు చెప్పినప్పటి నుంచి, మా తమ్ముడి కూతురు సొంత జీతంతో ఇల్లు కొన్నదని కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాను. నిన్న ఇంకో మాట కూడా చెప్పాడు. సామాను పట్టడం లేదని మూడు గోడలకూ కప్పుదాకా అల్మారాలు కొట్టిస్తున్నావట. అప్పటికీ మిగిలినవి సెల్లార్లో పెడతావట. సెల్లారు మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

చెప్పకపోయినా నీకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. వాడనివి ఇచ్చెయ్యి. ఉంచుకునేవాటిని కొలిచాకే అరలు గీయించు. బరువైనవి కింద, తేలికైనవి పైన. తల పెట్టుకునే చోట పైన సజ్జ వద్దు.

లోతు సంగతి మాత్రం మిస్త్రీకి వదిలెయ్యకు. హ్యాంగరుకు బట్టలు వేలాడదీసే అల్మారాకు రెండడుగుల లోతు కావాలి. పుస్తకాలకు, డబ్బాలకు అడుగు చాలు. అన్నీ ఒకే లోతులో కోస్తే మిస్త్రీకి పని తేలిక, నీకేమో గదిలో నడిచే చోటు పోతుంది. పైగా లోతైన అరలో వెనక పెట్టిన పప్పు డబ్బా పురుగు పట్టాక గానీ బయటికి రాదు. మన పాత ఇంట్లో అంతమందిమి ఉన్నా అల్మారా అన్నదే లేదు. గోడలు మందంగా ఉండేవి కాబట్టి గూళ్లు పెట్టారు. బట్టలకు దండెం, సంచులకు చిలక్కొయ్యలు, పాలకు పెరుగుకు ఉట్టి. మీ లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవి, వాటిలో గూడు తొలవడం కుదరదు. తలుపుల వెనక కొయ్యలు కొట్టించుకో, రోజూ వాడే సంచులన్నీ అక్కడికే పోతాయి.

ఇక సెల్లారు. 2023 జూలై చివర్లో పడిన వానలప్పుడు నువ్వు హైదరాబాదులో ఉన్నావు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఇక్కడ వరంగల్‌లో నాలాలు పొంగి కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. చిన్నబాపు వాళ్ల సెల్లార్లోకి తెల్లవారేసరికి నడుముదాకా నీళ్లొచ్చాయి. అక్కడ మెట్ల కింద మీ బాపమ్మ సందూక ఉంది. మా బాపు టేకు కోసి తన చేతులతో చేసిన సందూక అది. పైన చోటు లేదు, కొద్దిరోజులే అని చిన్నబాపు అక్కడ పెట్టాడు. ఆ కొద్దిరోజులు ఏళ్లయ్యాయి.

మోటార్లతో నీళ్లు తోడించాక ఇద్దరం పైకి మోసుకొచ్చాం. చెక్క ఉబ్బి మూత బిగుసుకుంది కానీ ఒక్క అతుకు విడలేదు. మా బాపు పనితనం అటువంటిది. లోపల బాపమ్మ పెళ్లిచీర ఎరుపు దిగి పంచెలన్నిటికీ అంటుకుంది. ఉలులు, చిత్రికలు తుప్పు పట్టాయి, వాటిని సానబెట్టుకున్నాం. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చిన్నబాపు ఆత్రంగా ఒకటి లాగాడు. బాపమ్మ ముఖం పొరలా ఊడి, పైనున్న ఫోటో వీపుకు అంటుకుపోయింది. ఆమె వయసులో ఉన్నప్పటి ఫోటో మనకు అదొక్కటే. నీది బాపమ్మ ముక్కు అని అందరూ అంటారు కదా, పక్కన పెట్టి చూసుకోవడానికి ఇప్పుడు లేదు. తడి ఆరకముందే శుభ్రమైన చల్లటి నీళ్లలో నాననిస్తే చాలావరకు వాటంతటవే విడివడేవని ఫోటో స్టూడియో అతను తర్వాత చెప్పాడు. చిన్నబాపు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. వాణ్ని ఏమనగలను?

కాబట్టి సెల్లార్లో నిచ్చెన పెట్టుకో, సైకిలు పెట్టుకో. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, నీ సర్టిఫికెట్లు, ఫోటోలు పైనే, నీ ఛాతీ ఎత్తున, తలుపు తీయగానే కనబడేచోట ఉండాలి. చిన్నప్పుడు హాల్‌టికెట్టు ఎక్కడ పెట్టావో తెలియక ఇల్లంతా ఏడిపించినదానివి, ఈ ఒక్కటి నా మాట విను.

నీళ్లు పై అంతస్తుకు రావని ధీమాగా ఉండకు. బాత్‌రూమ్ గోడకు ఆనించి బట్టల అల్మారా వద్దు. ఆ గోడ చెమ్మ పీలుస్తుంది, నాలుగు వానాకాలాలకే వెనక చెక్క నల్లబడుతుంది. ఇంకెక్కడా చోటు లేకపోతే గోడకు రెండు అంగుళాలు వదిలి, నాలుగు అంగుళాల కాళ్ల మీద నిలబెట్టించు, కింద చీపురు దూరాలి. సింకు కింద, వంటగదిలో నీళ్లకు తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ప్లైవుడ్డే వాడించు. పడకగదికి మామూలు వాడకపు ఐఎస్ 303 చాలు. బిల్లు మీద రాసింది కాదు, షీటు మీద ముద్ర చూడు, అదీ కోయకముందే. చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు చవకగా వస్తుందంటారు, ఒకసారి తడిస్తే బూరెలా ఉబ్బుతుంది.

మంచం కింద పెట్టె మంచిదే. కొత్తవాడ జంపఖానాలు, బొంతలు అందులో పడతాయి. వానలు తగ్గాక ఒక ఎండ చూపించి మళ్లీ పెట్టుకో. బాల్కనీ తలుపుకు మాత్రం ఏదీ అడ్డం పెట్టకు. అప్పు తీర్చేది నువ్వు, ఆ గాలీ వెలుతురూ కూడా నీవే కావాలి.

మిస్త్రీకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు కదా? గీసిన కాగితం ఫోటో తీసి నాకు పంపు. ఆదివారం టేపు పట్టుకుని నేనే వస్తాను, మీ పెద్దమ్మ సకినాలు కూడా పంపుతానంటోంది.

మీ పెద్దబాపు