విశ్వానికి బొడ్రాయి లేదు

కర్నూలు,
ఆదివారం

అమ్మాయీ,

విశ్వం విస్తరించడం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకొని. వాక్యం నీ చేతికి వస్తోంది, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే ఒక చోట ఆగిపోయాను. "సుమారు 1,380 కోట్ల ఏళ్ల కిందట ఒక చిన్న బిందువు గనిలో మందు పేలినట్టు పేలింది, ముక్కలు నలువైపులా ఎగిరిపోయాయి" అని రాశావు. డోన్, బేతంచెర్ల గనుల మధ్య పెరిగినదానివి, ఆ పోలిక నీకు సహజంగానే వచ్చి ఉంటుంది. బలంగా కూడా ఉంది. నా భయం అదే. బలమైన పోలిక తప్పయితే, చదివినవాళ్ల మనసులోంచి దాన్ని మళ్లీ తీయడం చాలా కష్టం.

గనిలో పేలితే ఎక్కడ పేలిందో వేలు పెట్టి చూపించొచ్చు. రాళ్లు ఆ గుంత నుంచి లేచి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోటికి పోయి పడతాయి. విశ్వం విస్తరించడంలో అలాంటి గుంత లేదు.

చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే రాశాను. ఆ తర్వాత ఒక బడిలో మాట్లాడటానికి వెళ్తే ఎనిమిదో తరగతి పాప లేచి, "సార్, ఎక్కడ పేలింది? ఏ దిక్కుకు తిరిగి చూడాలి?" అని అడిగింది. ఏదో చెప్పి కూర్చోబెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాప సరిగ్గానే అడిగింది, దారి తప్పించింది నా వాక్యమే.

ఇందులో మన మాటల పాత్ర కూడా ఉంది. విశ్వం ఆరంభాన్ని చెప్పే బిగ్ బ్యాంగ్‌ను పాఠ్యపుస్తకాల్లో మహావిస్ఫోటనం అంటున్నాం. ఆ మాటలోనే పేలుడు ఉంది. బ్రహ్మాండం అన్నామా, అందులో గుడ్డు ఉంది. గుడ్డుకు పెంకు ఉంటుంది, లోపల నడిమధ్య ఉంటుంది. ఊరికి బొడ్రాయి ఉన్నట్టు విశ్వానికీ ఎక్కడో ఒకటి ఉండాలని మనసు వెతుకుతుంది. అందుకే నేను ఈ మధ్య 'ఎడం పెరుగుతోంది' అని రాస్తున్నాను. శెనక్కాయ చేనులో సాలుకూ సాలుకూ మధ్య ఎడం అంటాం కదా, ఆ ఎడం. విశ్వం విస్తరిస్తోందంటే పాలపుంతల, అంటే గెలాక్సీల, గుంపుల మధ్య ఎడం పెరుగుతోందని. 'దేనిలోకి పెరుగుతోంది?' అని ఎవరైనా అడిగితే జవాబు కూడా ఈ మాటలోనే దొరుకుతుంది. ఎడం పెరగడానికి బయట ఇంకో చోటు ఉండాల్సిన పని లేదు.

నీకు బాగా తెలిసిన దారినే తీసుకో. అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు. ఒక్కో ఊరికీ మధ్య ఎడం లెక్క కోసం యాభై కిలోమీటర్లు అనుకో. ఒక గంటలో ఆ దారి మొత్తం ఒకే తీరుగా రెండింతలు సాగిందనుకుందాం. ఏ ఊరూ తన చోటు నుంచి లేచి పరుగెత్తలేదు, దారే సాగింది. డోన్ బస్టాండులో నిలబడి చూడు. యాభైలో ఉన్న గుత్తి వందకు పోయింది, వందలో ఉన్న అనంతపురం రెండు వందలకు పోయింది. ఇటు కర్నూలు కూడా యాభై నుంచి వందకు పోయింది. అందరూ నిన్ను వదిలి పోతున్నట్టు, నువ్వే నడిమధ్య ఉన్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు గుత్తికి పోయి ఇదే లెక్క వెయ్యి. గుత్తివాళ్లకూ అచ్చం అలాగే కనిపిస్తుంది. దూరం రెండింతలుంటే పోయే వేగమూ రెండింతలు. ఆ దారికి అటూ ఇటూ చివరే లేదనుకుంటే ఇక నడిమి ఊరు ఏదని అడగడానికే వీలుండదు.

ఈ లెక్క వ్యాసంలో పెట్టు. కాగితం మీద వేసుకున్నవాడు ఎవరైనా సరే, నిన్ను నమ్మాల్సిన పనిలేకుండా తనంతట తనే ఒప్పుకుంటాడు.

నేను ఎక్కువగా వాడే పోలిక సజ్జ రొట్టె. సంక్రాంతికి మా ఇంట్లో నువ్వులు అద్ది రొట్టెలు చేస్తారు. ఒకసారి పీట పక్కనే కూర్చొని చూశాను. ముద్ద మీద నువ్వులు ఒత్తుగా ఉన్నాయి. అరచేయి పడిన కొద్దీ ముద్ద పరుచుకుంటోంది, నువ్వుల మధ్య ఎడం పెరుగుతోంది. ఏ నువ్వుగింజా పిండిలో ఈదుకుంటూ పోవడం లేదు. ఇంకొకటి గమనించాను, నువ్వుగింజ మాత్రం పెద్దది కాలేదు. పాలపుంతలూ అంతే, గురుత్వాకర్షణ వాటిని పట్టి ఉంచుతుంది. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఈ విస్తరణ వల్ల సాగిపోదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మన పొరుగు పాలపుంత ఆండ్రోమెడా అయితే సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది.

అయితే రొట్టెకు అంచు ఉంది, కింద పీట ఉంది. విశ్వానికి అంచు ఉన్నట్టు ఎక్కడా కనిపించలేదు. ఆ మాట దాచకుండా రాయి. పోలిక ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ తెగిపోతుందో రెండూ చెప్పాలి. తెగే చోటు చెబితే అందం పోతుందని నీ ఈడులో నేనూ అనుకునేవాణ్ణి.

చరిత్ర భాగంలో అన్నీ ఖగోళ శాస్త్రవేత్త హబుల్‌కే కట్టబెట్టావు. 1912 నుంచే మరో ఖగోళ శాస్త్రవేత్త స్లైఫర్ వెలుగులోని మార్పుల్ని బట్టి పాలపుంతల వేగాలు కొలుస్తున్నాడు. 1922లో రష్యా గణిత శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్, ఐన్‌స్టైన్ సమీకరణాల నుంచే విశ్వం విస్తరించగలదనీ కుంచించుకోగలదనీ తేల్చాడు. ఐన్‌స్టైన్ మొదట అది తప్పన్నాడు, మరుసటి ఏడాది తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నాడు. బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర 1927లో దూరానికీ వేగానికీ ముడి వేశాడు, హబుల్ 1929లో కొలతలతో చూపించాడు. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల వేగం పెరుగుతుంది. ఇది నాలుగు వాక్యాల్లో ముగించు, జీవిత చరిత్రలు వద్దు.

కుంచించుకోవడం గురించి నువ్వసలు రాయనే లేదు. అక్కడే పాఠకుడికి మళ్లీ బొడ్రాయి గుర్తొస్తుంది, అందరూ ఒక చోటికి వచ్చి పడతారని అనుకుంటాడు. మన దారినే వెనక్కి తిప్పు. గంటలో ఎడాలన్నీ సగమయ్యాయి. డోన్‌వాళ్లకు అందరూ డోన్‌కే వస్తున్నట్టుంటుంది, గుత్తివాళ్లకు గుత్తికే. చివరలేని దారి సగానికి కుంచించుకున్నా చివరలేనిదే. విశ్వం అనంతమైతే మొదట్లో కూడా అనంతమే, కాకపోతే భరించలేనంత ఒత్తుగా, వేడిగా ఉండేది. కనుక 'చిన్న బిందువు' అన్న మాట కొట్టెయ్యి. నిజంగానే ఎప్పటికైనా కుంచించుకుంటుందా అంటే, విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో దూరపు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిచి చెప్పారు. 'ఇప్పటి కొలతల ప్రకారం' అన్న మాట చేర్చి రాయి.

ఆ పాప ప్రశ్నకు జవాబు 1965లోనే దొరికి ఉంది, నేనే ఆ రోజు చెప్పలేకపోయాను. పెన్జియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ రేడియో ఏంటెన్నాను ఎటు తిప్పినా ఒకే సన్నని రొద వదల్లేదు. విశ్వానికి సుమారు 3.8 లక్షల ఏళ్ల వయసున్నప్పుడు బయల్దేరిన వెలుగు అది, సాగి సాగి రేడియో తరంగాలుగా మారి రొదలా అందింది. ఇప్పుడు సున్నా కింద 270 డిగ్రీలకు చల్లారి, అన్ని దిక్కుల నుంచీ దాదాపు ఒకేలా వస్తోంది. ఒక్క చోట పేలి ఉంటే ఇలా రాదు. ఏ దిక్కుకు తిరిగినా సరే తల్లీ, అటే చూడు అని చెప్పాల్సింది. మనం నిలబడిన చోటు కూడా ఆ మొదటి వేడిలో ఉన్నదే.

వచ్చే ఆదివారం వీలైతే ఒకసారి కర్నూలు రా, పక్కన కూర్చొని మొదటి పేరా మళ్లీ రాద్దాం. డోన్ బస్టాండుతో మొదలుపెట్టి చూడు. పాత ప్రతి పారెయ్యకు. దాని మూడో పేజీలో "మనకు అందే వెలుగంతా పాత వెలుగే" అని ఒక వాక్యం రాశావు. పెన్సిల్‌తో దాని కింద గీత గీశాను. ఆ ఒక్కటి మాత్రం మార్చకు.

ఆశీస్సులతో,
మీ సార్