సర్వర్ల పనికి వెళ్లాలా, డెవాప్స్ కోర్సులో చేరాలా?

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివా. డిప్లొమా అయ్యాక రెండేళ్లుగా సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపులో సిస్టమ్స్ అసెంబుల్ చేస్తున్నావు, జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ వాళ్లు పాత సర్వర్లు ఐదు తీసేసి వర్చువల్ చేసి, అంటే రెండు కొత్త మెషిన్లలోనే సాఫ్ట్‌వేర్‌తో ఐదు సర్వర్లలా నడిచేలా చేసి, పెట్టమని మీ ఓనర్‌ని అడిగారు, ఆయన నిన్ను వెళ్లి చూసి ప్లాన్ రాసుకు రమ్మంటున్నారు, మీ అన్నయ్యేమో ఇంకా సర్వర్లేంట్రా అంతా క్లౌడే కదా, అది మానేసి అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సులో (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద ఆటోమేటిక్‌గా పెట్టి నడిపే పని) చేరు అంటున్నాడు. ఇదే కదా సంగతి.

వెళ్లు. కోర్సు ఎక్కడికీ పోదు, ఇలా ఒక క్లయింట్ దగ్గర మొదట్నుంచీ చివరిదాకా చేసే చాన్స్ మాత్రం నీ వయసులో అందరికీ రాదు, కోర్సుకి ఫీజు కట్టి కూడా ఇది దొరకదు.

అన్నయ్య చెప్పేది తప్పని కాదు. అమెజాన్ వాళ్లు 2022లో మన హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే తమ క్లౌడ్ డేటా సెంటర్లు, తెరిచారు, ఆ వైపు ఉద్యోగాలున్నాయి. కానీ ఆ క్లౌడ్ లోపల నడిచేది కూడా వర్చువల్ మెషిన్లే (వీఎమ్‌లు), వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌గా అమెజాన్ మొదట్లో జెన్ వాడింది, తర్వాత కేవీఎమ్ ఆధారంగా సొంతంగా తయారు చేసుకుంది, ఆ కేవీఎమ్ 2007 నుంచి లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్‌లోనే ఉంది, నువ్వు ఫ్యాక్టరీలో వీఎమ్‌లు నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ పెడితే దాని కింద ఉండేదీ అదే. అంటే ఇక్కడ నేర్చుకున్నది అక్కడ వేస్ట్ అవ్వదు. పైగా 2023 నవంబర్లో బ్రాడ్‌కామ్ వాళ్లు ఇలాంటి సాఫ్ట్‌వేరే అమ్మే వీఎమ్‌వేర్ కంపెనీని కొన్నాక, ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండే లైసెన్సులు అమ్మడం ఆపేసి సబ్‌స్క్రిప్షన్ చేశారు, దాంతో చిన్న కంపెనీలు చాలా ప్రాక్స్‌మాక్స్, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ లాంటివాటి వైపు చూస్తున్నాయి, అలా మార్చి పెట్టేవాళ్లు కావాలి కదా.

ఇక పని సంగతి. ఇన్‌స్టాల్ చేయడం గురించి భయపడుతున్నావు, అది నీకు అరగంట పని, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టడమే. అసలు విద్య అంతా దానికి ముందుంది. వెళ్లగానే కొటేషన్ రాసెయ్యకు. ఆ ఐదు సర్వర్లలో ఒక్కోటీ ఎంత సీపీయూ, ఎంత ర్యామ్, డిస్క్ ఎంత చదువుతోంది ఎంత రాస్తోంది అని విండోస్‌లోనే ఉండే పర్ఫ్‌మాన్ పెట్టి కనీసం ఒక నెల రికార్డ్ చెయ్, ఒక రోజు చూస్తే ఏమీ తెలీదు, జీఎస్టీ రిటర్నులు వేసే 11, 20 తారీఖులు, జీతాలు వేసే రోజు చూస్తేనే అసలు లోడ్ కనపడుతుంది. పాత సర్వర్లలో చాలాసార్లు సీపీయూ ఖాళీగానే ఉంటుంది, నొప్పి డిస్క్ దగ్గరుంటుంది, మామూలు 7200 స్పీడు హార్డ్ డిస్కు సెకనుకి సుమారు వంద ఆపరేషన్లకి మించి చెయ్యలేదు, అలాంటి డిస్కుల మీద ఐదు మెషిన్లూ కలిపి పడేస్తే టాలీ తెరుచుకోవడానికి టీ తాగి రావాల్సి వస్తుంది. కొటేషన్‌లో ఎస్‌ఎస్‌డీలే రాయి, సర్వర్లకని వచ్చేవి.

ర్యామ్ లెక్క ఇలా వెయ్యి. ఐదూ కలిపి 70 జీబీ వాడుతున్నాయనుకో, రెండు మెషిన్లు కొంటున్నాం కదా ఒక్కోదానికి 64 చాలనిపిస్తుంది, చాలదు, ఒకటి పోయిన రోజు రెండోదే మొత్తం మొయ్యాలి, కాబట్టి చెరో 128. రెండే మెషిన్లని కలిపి ఒక జట్టుగా (క్లస్టర్) పెడితే ఒకటి ఆగినప్పుడు మిగిలినదానికి ఓట్లలో మెజారిటీ ఉండదు, అది లేకపోతే వీఎమ్‌లని స్టార్ట్ చెయ్యదు, అందుకని మూడో ఓటుకి ఒక చిన్న పీసీ అయినా పెట్టాలి, ఇది కొత్తవాళ్లు చాలామంది మర్చిపోతారు. విండోస్ లైసెన్సు కూడా ముందే చూస్కో, విండోస్ సర్వర్ స్టాండర్డ్‌ని ప్రాసెసర్ కోర్ల లెక్కన అమ్ముతారు, ఒక మెషిన్‌కి తక్కువలో తక్కువ 16 కోర్లకి కొనాలి, కోర్లన్నిటికీ కొంటే రెండు విండోస్ వీఎమ్‌లకి సరిపోతుంది, నాలుగు కావాలంటే కోర్లన్నిటికీ ఇంకోసారి, ఒక మెషిన్ పోతే అవి రెండో దాంట్లో నడవాలంటే దానికీ అంతే. ఇది కొటేషన్‌లో రాయకపోతే తర్వాత మీ ఓనర్ జేబులోంచే పోతుంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది. కెరీర్ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ ఇదే పని చేశా, ఒక ఫ్యాక్టరీలో ఆదివారం రాత్రంతా కూర్చుని సర్వర్లన్నీ వర్చువల్‌కి మార్చాం, అన్నీ చూశాం, అన్నీ ఓకే, సంతోషంగా ఇంటికెళ్లి పడుకున్నా. సోమవారం పొద్దున ఏడింటికి ఫోన్, లారీలు గేటు బయట బారులు తీరాయి, కాటా పనిచేయట్లేదని. ఆ పాత సర్వర్ వెనకాల దుమ్ములో ఒక బూడిద రంగు సీరియల్ కేబుల్ ఉంది, అది గోడలోంచి కాటా గదికి పోతుంది, సర్వర్ తీసేసినప్పుడు మేమే పీకి పక్కన పెట్టాం, వర్చువల్ మెషిన్‌కి ఆ పోర్టు ఎక్కడిది? ఎండలో నిలబడ్డ ఆ డ్రైవర్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి. తర్వాత సీరియల్ నుంచి నెట్‌వర్క్‌కి మార్చే చిన్న డబ్బా పెట్టి సరిచేశాం, ముందే చూసుంటే పది నిమిషాల పని. అందుకే చెప్తున్నా, ప్రతి సర్వర్ వెనక్కి వంగి టార్చ్ వేసి చూడు, ప్రతి కేబుల్ ఎటు పోతుందో రాసుకో, యూఎస్‌బీ డాంగిల్ ఉంటే ఫొటో తీస్కో, ఐటీ ఆయన్నే కాదు స్టోర్స్‌లో, గేటు దగ్గర, అకౌంట్స్‌లో కూర్చునేవాళ్లని అడుగు, ఈ సిస్టమ్ ఆగితే నీ పని ఏది ఆగుతుందన్నా అని.

బ్యాకప్ విషయంలో అస్సలు రాజీపడకు. స్నాప్‌షాట్, అంటే మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకునేది, బ్యాకప్ కాదు, అది అదే డిస్క్ మీద ఉంటుంది, డిస్క్ పోతే రెండూ పోతాయి. ఇంకోచోట ఒక కాపీ, ఊరికే ఉంచడం కాదు, అప్పగించే ముందు క్లయింట్ కళ్లముందే ఒక మెషిన్‌ని రీస్టోర్ చేసి చూపించు.

ఇంట్లో ప్రాక్టీస్‌కి లక్షలు అక్కర్లేదు. మీ షాపులోనే సెకండ్ హ్యాండ్ ఐ5 డెస్క్‌టాప్ ఒకటి తీస్కుని 32 జీబీ ర్యామ్ వేసి ప్రాక్స్‌మాక్స్ పెట్టు, అది ఫ్రీ, విండోస్ సర్వర్ ట్రయల్ 180 రోజులు వస్తుంది, దాంట్లో ఒక డొమైన్ (ఆఫీసు లాగిన్లన్నీ ఒకేచోట చూసుకునేది) పెట్టి, రెండు లినక్స్‌లు పెట్టి, నడుస్తుండగా ప్లగ్గు పీకి చూడు ఏం పాడైందో. ఆ తర్వాత రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయి, ఆ పరీక్షలో బిట్లు టిక్కు పెట్టడం ఉండదు, మెషిన్ ముందు కూర్చోబెట్టి చేసి చూపించమంటారు, చేతి పని వచ్చిన నీలాంటివాడికి అది సరిగ్గా సరిపోతుంది. నెట్‌వర్కింగ్ వీక్ అన్నావు, సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ సిలబస్‌లో వీలాన్‌ల (ఒకే నెట్‌వర్క్‌ని వేర్వేరు భాగాలుగా విడదీయడం) దాకా అయినా చదువు. డెవాప్స్ వచ్చే ఏడాది చెయ్, అప్పటికి క్లాసులో చెప్పేది నీకు అర్థమవుతుంది, అన్నయ్యకి ఈ మాట చెప్పు, కావాలంటే నాతో మాట్లాడించు.

ఇంకోటి, వెళ్లేటప్పుడు కొలిచే టేపు పట్టుకెళ్లు. ఫ్యాక్టరీల్లో తరచుగా గోడకి బిగించిన చిన్న ర్యాకులుంటాయి, స్విచ్చులకి కొన్నవి, కొత్త సర్వర్ వాటిలో పట్టదు, వెనకాల జానెడు బయటికి పొడుచుకొస్తుంది. ర్యాక్ లోతు, యూపీఎస్ కెపాసిటీ, బ్యాటరీలు ఎప్పుడు మార్చారో, రాత్రి ఏసీ ఆపేస్తారో లేదో ఇవన్నీ రాసుకుని ఆ కాగితం ఫొటో నాకు పంపు, కొటేషన్ ఇచ్చేముందు ఒకసారి కలిసి చూద్దాం.