వేలు చూపించింది ఎవరు?

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాశ్మీరు సరస్సుల యాత్రావ్యాసం అందింది. విషన్‌సర్ సరస్సు నీళ్ల రంగు గురించి రాసిన భాగం బాగుంది. మిగతాది చదువుతుంటే కోపం వచ్చింది. మర్మోట్ అంటే ఉడుత జాతికి చెందిన, బొరియల్లో ఉండే కొండ జంతువు కదా.

"బండ మీద నిలబడి మర్మోట్ మాకు ఈలతో స్వాగతం పలికింది" అని రాశావు. స్వాగతమా! శత్రువు వస్తున్నాడు, బొరియల్లోకి దూరండని తనవాళ్లను హెచ్చరించే కూత అది. ఆ శత్రువువి నువ్వే. అది ఏడాదిలో సగానికి పైగా బొరియలో నిద్రపోయే ప్రాణి. మంచు కరిగిన ఆ కొద్ది నెలల్లోనే తిని ఒంటికి కొవ్వు పట్టించుకోవాలి. నువ్వు ఫోటో కోసం దగ్గరికి వెళ్లినప్పుడల్లా దాని మేత ఆగిపోయింది. ఆ సంగతి నీ వ్యాసంలో లేదు. నువ్వు రాసిన ఆ ట్రౌట్ చేపలు కూడా అనాదిగా అక్కడ ఉన్నవి కావు. 1900 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు తెప్పించి కాశ్మీరు నీళ్లలో వదిలినవి.

ఇవి దిద్దుకోవచ్చు. నన్ను కుదిపింది నాలుగో పేజీలోని ఒక్క వాక్యం. "గుర్రాలు తోలే ఆయన వేలు చూపిన వైపు చూస్తే, ఎముకను బండల మీదికి జారవిడుస్తున్న గద్ద." అది గద్ద కాదు, గడ్డపు రాబందు. ఎముక పగలగొట్టుకుని మూలుగ తింటుంది. సరే, వేలు చూపిన మనిషి ఏమయ్యాడు? తరువాతి వాక్యం నుంచి అన్నీ నువ్వే చూశావు! ఎలుగుబంటి వచ్చి మంద మీద పడే కొండల్లో బతికేవాళ్లకు చుట్టూ చూడటం సరదా కాదమ్మా, రోజువారీ పని. ముందుగా చూసినవాడిని రాయకపోతే ఆ దృశ్యాన్ని దొంగిలించినట్టే. ఈ మాట నేను ఎవరితోనైనా పోట్లాడి చెబుతాను.

కుర్రతనంలో కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లి కోసం తిరిగాను. సముద్రపు పోటు తీశాక పడవ నడిపే ఆయన బురదలో దాని అడుగులు చూపించాడు. నాకు బురద తప్ప ఏమీ కనపడలేదు. ఆయన మాటలతోనే వ్యాసం నింపి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు పడవాయనను పూర్తిగా కొట్టేశాడు. అచ్చులో అడుగులన్నీ నేనే కనిపెట్టాను! ఎవరో చదివి వినిపిస్తే పడవాయన నవ్వి, "మీ చూపు బాగా పదునెక్కిందండీ" అన్నాడు. ఆ తరువాత నన్ను పడవ ఎక్కించుకోలేదు. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు సంపాదకులు అడక్కుండానే మీరే కొట్టేస్తున్నారు. ఎవరి వ్యాసం చూసినా "కొండల్లో నన్ను నేను వెతుక్కున్నాను." దానికి 4,000 మీటర్లు దాటి గడ్‌సర్ కనుమ ఎక్కాలా? మే నెలలో కాకినాడ నుంచి యానాం బస్సులో నిలబడినా దొరుకుతావు.

పోటీలు, పుస్తకం వేయించడం గురించి ఏవేవో అడిగావు. తరువాత చూద్దాం. ఆ గుర్రాలాయన ఫోను నంబరు నీ దగ్గర ఉండే ఉంటుంది. రాబందును ఎలా పసిగట్టాడో అడుగు. నేల మీద నీడ కదిలిందా, ఎముక పడిన చప్పుడు విన్నాడా, లేక రోజూ అక్కడే వాలుతుందని తెలుసా? తెలుసుకుని నాలుగో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు.