నాలుగేళ్ల బాబు బడిలో నోరు విప్పట్లేదు: లోపం వాడిదా, మా పెంపకానిదా?

ఇంట్లో గలగలా మాట్లాడే బాబు బడిలో మూగబోతున్నాడని రాశారు. మీ టెన్షన్ నాకు తెలుసు. మా పాప అయిదేళ్లప్పుడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టింది. డాక్టర్ చూసి ఒంట్లో ఏమీ లేదన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు నా గారాబం అన్నారు, టీచరేమో క్రమశిక్షణ లేదన్నారు.

కారణం దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో లేదు, హైటెక్ సిటీలో మావారి ఆఫీసులో ఉంది. ఆ నెలే ఆయనకి మధ్యాహ్నం షిఫ్ట్ వేశారు. క్యాబ్ దింపేసరికి రాత్రి ఒంటిగంట. తలుపు పక్కన ఆయన ఐడీ కార్డు తగిలించే మేకు ఉంది. పాప అన్నం తింటూ దాని వంకే చూసేది. మేకు ఖాళీగా ఉంటే ముద్ద మింగేది కాదు. నేను మొండితనం అనుకుని అరిచాను. ఇప్పటికీ బాధేస్తుంది.

బీఈడీలో పరీక్ష కోసం బట్టీపట్టిన మనస్తత్వవేత్త యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అప్పుడు అర్థమయ్యాడు. పిల్లల చుట్టూ ఇల్లు, బడి, వాటి మధ్య సంబంధం, ఆపైన వాళ్లు అడుగే పెట్టని అమ్మానాన్నల ఆఫీసు కూడా వాళ్ల ఎదుగుదలను మలుస్తాయని 1979లో వచ్చిన పుస్తకంలో ఆయన వివరించాడు.

పసిపిల్లల కదలికలను అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త ఎస్తర్ థెలెన్ ప్రయోగం నాకింకా ఇష్టం. అప్పుడే పుట్టిన బిడ్డను నిలబెట్టి పట్టుకుంటే అడుగులేస్తున్నట్టు కాళ్లు కదుపుతుంది. రెండు నెలలకల్లా అది ఆగిపోతుంది. మెదడు ఎదగడం వల్లే ఆగుతుందని అనుకునేవారు. థెలెన్ బృందం పిల్లల కాళ్లను నీళ్లలో ఉంచితే అడుగులు మళ్లీ వచ్చాయి! కాళ్లు బరువెక్కినంత వేగంగా కండబలం పెరగలేదు, అంతే. పిల్లలు వాళ్లే, చుట్టూ నీళ్లు వచ్చాయి.

షిఫ్ట్ మార్చడం మా చేతిలో లేదు. మావారు నిద్ర తగ్గించుకుని పొద్దున్నే పాపను బండి మీద బడికి దింపడం మొదలుపెట్టారు. టీచర్‌కీ సంగతంతా చెప్పాం. పక్క తడపడం పూర్తిగా ఆగడానికి మూడు నెలలు పట్టింది.

మీ బాబు మౌనం నెల దాటినా తగ్గకపోతే చైల్డ్ సైకాలజిస్ట్‌కి తప్పకుండా చూపించండి. సెలెక్టివ్ మ్యూటిజం (ఇంట్లో బాగానే మాట్లాడే పిల్లలు బడి లాంటి చోట్ల మాట్లాడలేకపోవడం) అనే సమస్య కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఈలోపు ఇది మొదలైన నెలలో మీ ఇంట్లో, మీ ఉద్యోగాల్లో ఏం మారిందో ఒక కాగితం మీద రాయండి. ఇంకొకటి, ఆ క్లాసులో వాడితో తెలుగులో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?