రిఫ్లెక్షన్ రెండు లైన్లకే ఆగిపోతోందా? పాత డ్రాఫ్ట్ బయటికి తియ్యండి

రిఫ్లెక్షన్ అంటే వ్యాసంతో పాటు మీ రచన ఎలా మారిందో మీరే రాసిచ్చే పేజీ. అందులో "నా రచన చాలా మెరుగుపడింది" అని రాశాక ఇంకేం తోచట్లేదా, పేజీ మాత్రం నిండాలా? అది మీరు ఫైనల్ కాపీ ఒక్కటే ముందు పెట్టుకుని రాయడం వల్ల. ఎక్కణ్ణుంచి బయల్దేరారో కనపడకపోతే ఎంత దూరం వచ్చారో ఎలా చెప్తారు.

1. మొదటి డ్రాఫ్ట్ వెతకండి. గూగుల్ డాక్స్‌లో రాసుంటే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్తే పాతవి తేదీలతో సహా కనిపిస్తాయి. నోట్‌బుక్ అయితే కొట్టివేతలున్న పేజీయే కావాలి, ఫెయిర్ కాపీ పనికిరాదు.

2. ఒక్క పేరా తీసుకుని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. వ్యాసం మొత్తం గురించి చెప్పబోతే మళ్ళీ "మెరుగుపడింది" దగ్గరికే వచ్చి ఆగుతారు. నాది చూడండి.
పాతది: "మొక్కలు నాటబడినవి."
తర్వాతది: "మా బ్యాచ్ వాళ్ళం 40 వేప మొక్కలు నాటాం, సగం మేకలు తినేశాయి."

3. ఎందుకు మార్చారో రాయండి. "బడినవి" అంటే బరువుగా గొప్పగా ఉంటుందనుకున్నా, ఫ్రెండ్ చదివి "ఇంతకీ ఎవర్రా నాటింది" అని అడిగితే గానీ తెలీలేదు ఆ వాక్యంలో మేమే లేమని. ఈ కథ రాస్తేనే నాకు అరపేజీ అయిపోయింది.

4. ఇంకా చేతకానిది ఒకటి ఒప్పుకోండి. నాకు ఇప్పటికీ ముగింపు కుదరదు, అదే రాసిచ్చా, మార్కులేం తగ్గలేదు.