కొత్త ఈఎంఐ తెచ్చుకుంటే పెట్రోలు ఖర్చు తగ్గదమ్మా

ప్రశ్న: మాది గుంటూరు విద్యానగర్. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా వారి ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. రోజూ మా 2021 మోడల్ పెట్రోలు కారులోనే వెళ్లొస్తారు. దాని లోను తీరిపోయింది. నెలకు పెట్రోలుకే పదకొండు వేలు దాటుతోంది, పైగా మైలేజీ ఇదివరకటిలా రావడం లేదు. ఎలక్ట్రిక్ కారు కొందామని ఆయన అంటున్నారు, సీఎన్జీ మేలని మా మరిది అంటున్నాడు. పాత కారుకు 4 లక్షలు ఇస్తామంటున్నారు, మిగతాది లోను. పాప పేరున సుకన్య సమృద్ధిలో నెలకు కట్టే 5 వేలు కొన్నాళ్లు ఆపితే ఈఎంఐ సర్దుకోవచ్చట. ఆయన జీతం 78 వేలు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు సుకన్య సంగతి. అది ఆపకండి. 2024 జనవరిలో ఆ ఖాతా వడ్డీ 8.2 శాతం చేశారు, ఆ వడ్డీ మీద పన్ను కూడా లేదు. పాప కోసం అలా పెరిగే డబ్బును ఆపి, ఏటా ధర పడిపోయే కారు మీద అప్పు తీర్చడానికి వాడతామంటే నేను ఒప్పుకోను.

ఇక కారు. రోజుకు రానూ పోనూ 75 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు. అంటే 1,800 కిలోమీటర్లు. ఊళ్లో ట్రాఫిక్కు, ఏసీ కలుపుకుని లీటరుకు 17 వస్తోందనుకుందాం. లీటరు 110 రూపాయల లెక్కన నెలకు 11,600 అవుతుంది. మీరు రాసిన అంకెకు ఇది సరిపోయింది. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఈ భారం మీ చేతిలో లేదు కాబట్టి వదిలేద్దాం.

మీ మరిది చెప్పిన సీఎన్జీ చూద్దాం. కేజీ 92 రూపాయలు, కేజీకి 25 కిలోమీటర్లు అనుకుంటే నెలకు 6,600. అంటే 5 వేలు మిగులుతాయి. వినడానికి బాగుంది. కానీ 9 లక్షల కారుకు పాత బండి 4 లక్షలు పోగా 5 లక్షల లోను కావాలి. 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే ఈఎంఐ దాదాపు 10,400. మిగిలేది 5 వేలు, కట్టేది 10 వేల పైన. రేపు పెట్రోలు 120 అయినా మిగులు 6 వేలు దాటి పెద్దగా పెరగదు, ఈఎంఐ మాత్రం అలాగే ఉంటుంది.

ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరు ఖర్చు ఇంకా తక్కువ, కాదనను. చార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలిపితే నెలకు 290 యూనిట్ల దాకా అవుతాయి. ఇంటి మీటరు మీదే పెడితే శ్లాబు మారిపోతుంది. 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75. చార్జీలన్నీ కలిపి 3 వేలు అనుకోండి. నెలకు 8,600 మిగులు. కానీ 13 లక్షల బండికి 9 లక్షల లోను తీసుకుంటే ఈఎంఐ 18,700. పైగా మీది అద్దె ఇల్లు. మూడో అంతస్తు మీటరు నుంచి పార్కింగ్ దాకా వైరు లాగాలంటే ఓనరు ఒప్పుకోవాలి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోవాలి. రేపు ఇల్లు మారితే మళ్లీ మొదటికొస్తుంది. బయట ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే ఆ రేటు ఇంటి రేటుకు రెండింతలు కూడా ఉండొచ్చు. ఇంట్లో పాయింటు లేనివాళ్లకు నేను ఎలక్ట్రిక్ కారు చెప్పను.

లోను వడ్డీ మీద లక్షన్నర దాకా పన్ను మినహాయింపు ఉందని షోరూంలో ఎవరైనా చెబితే నమ్మకండి. ఎలక్ట్రిక్ బండ్ల లోన్లకు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80ఈఈబీ కింద ఇచ్చిన ఆ సదుపాయం 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

మీ కారు పదేళ్లదై, ఎలాగూ మార్చాల్సి వస్తే నా జవాబు వేరేగా ఉండేది. అప్పుడు కొత్త పెట్రోలు కారుకూ కొత్త సీఎన్జీ కారుకూ ఉన్న తేడా చూస్తే చాలు. అది 90 వేలు అనుకుందాం. కొత్త పెట్రోలు కారు లీటరుకు 20 ఇస్తే నెలకు 9,900, సీఎన్జీకి 6,600. తేడా 3,300 కాబట్టి రెండేళ్ల పైచిలుకులో ఆ 90 వేలు తిరిగొచ్చేస్తాయి. మీరు మాత్రం అప్పు లేకుండా తిరుగుతున్న బండిని తీసేద్దామంటున్నారు.

మీ ఇంట్లో ఎవరూ అనని దారి ఒకటుంది, ఉన్న కారుకే సీఎన్జీ కిట్ పెట్టించడం. మీ కారులాంటి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) పెట్రోలు కార్లకు కూడా కిట్ పెట్టుకోవడానికి 2022లో కేంద్రం అనుమతించింది. ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కూ విడిగా గ్యాస్ పంపే మంచి సీక్వెన్షియల్ కిట్‌కు 70 వేలు అనుకోండి. కంపెనీ ఫిట్టింగ్ అంత మైలేజీ రాదు, కేజీకి 22 వేసుకుందాం. స్టార్టింగ్‌కు కాస్త పెట్రోలు ఎలాగూ కాలుతుంది. మొత్తం నెలకు 8 వేలు, మిగులు 3,600. ఆర్టీఓ ఖర్చులు, ఇన్సూరెన్స్ అదనం కలుపుకుని రెండేళ్ల లోపే కిట్ డబ్బు రాబట్టుకోవచ్చు. ఈ కారు ఇంకో నాలుగేళ్లు వాడే ఉద్దేశం ఉంటేనే సుమా.

ఇబ్బందులూ చెప్పాలి. డిక్కీ దాదాపు పోతుంది. 60 లీటర్ల సిలిండర్‌లో పట్టేది 8 కేజీలు, అటూ ఇటూగా. అంటే నెలకు పదిసార్లు బంకుకు వెళ్లాలి. సాయంత్రం ఆటోల వరుస చివర నిలబడి, వంతు వచ్చాక అందరూ కిందికి దిగి, తీరా నాజిల్ తగిలించాక ప్రెషర్ లేక ఐదు కేజీలకే ఆగిపోయే రోజులుంటాయి. మీ వారి ఓపిక సంగతి మీకే తెలియాలి. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే గట్టిదనం పరీక్ష) తప్పనిసరి. డబ్బు మిగుల్తుందని ఇంట్లో వంట గ్యాస్ బండ కారుకు తగిలించే మేధావులు ఇంకా ఉన్నారు, అటువైపు చూడనే వద్దు.

సీఎన్జీ ఎప్పటికీ చవగ్గా ఉంటుందనీ అనుకోకండి. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో గ్యాస్ మన తీరంలోనే పడుతున్నా, పాత క్షేత్రాల గ్యాస్ ధరను 2023 ఏప్రిల్ నుంచి ముడిచమురు ధరలో 10 శాతంగా లెక్కకడుతున్నారు. దానికో గరిష్ఠ పరిమితి ఉంది కానీ, దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. చమురు మండితే సీఎన్జీ కూడా వెనకాలే కదులుతుంది. అందుకే రెండేళ్ల లోపు తిరిగొచ్చే పెట్టుబడికే నేను సరేనంటాను.

మైలేజీ పడిపోయిందన్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక, దానికోసం తయారు కాని కార్లలో 3 నుంచి 6 శాతం దాకా తగ్గొచ్చని కేంద్రమే చెప్పింది. మీకు నెలకు 700 మించదు. అంతకంటే ఎక్కువ తగ్గితే ఎయిర్ ఫిల్టరు, టైర్లలో గాలి చూపించండి.

విజయవాడ దారిలో ఉండే కాజ టోల్ సంగతి మీరు రాయలేదు. రోజుకు రెండుసార్లు దాటుతారు కాబట్టి ఫాస్టాగ్ వార్షిక పాస్ లెక్క వేసుకోండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది, 200 ట్రిప్పులు. మీకు నాలుగు నెలలకే అయిపోయినా ఆ ధరకు ట్రిప్పుకు 15 రూపాయలే పడుతుంది. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లుంటే నెలవారీ లోకల్ పాస్ ఇస్తారు. మీ ఇల్లు ఆ హద్దు దగ్గర్లోనే ఉంటుంది, ఆధార్, ఆర్సీ పట్టుకెళ్లి అడగండి.

వారానికి రెండ్రోజులు రైల్లో వెళ్లమనండి. సీజన్ టికెట్టు నెలకు కొన్ని వందలే. స్టేషన్ నుంచి బెంజ్ సర్కిల్‌కు ఆటో ఖర్చు తీసేసినా, టోల్ కూడా తప్పుతుంది కాబట్టి నెలకు రెండు మూడు వేలు మిగులుతాయి. కిట్ పెట్టించే ముందు ఓ రెండు నెలలు ఇలా చేసి చూడండి. దీనికి ఆయన అలవాటు పడితే కారు తిరిగే కిలోమీటర్లు తగ్గుతాయి, కిట్ డబ్బు రావడానికి మూడేళ్ల దాకా పడుతుంది. అప్పుడు అదీ మానేయొచ్చు.

కిట్టే అనుకుంటే లోను వద్దు, దసరా బోనస్ వచ్చేదాకా ఆగండి. మీ మోడల్‌కు అనుమతి ఉన్న కిట్టేనా అని ఆర్టీఓలో కనుక్కోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర కొర్రీ వేస్తారు. షాపువాడికి మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, ఆర్సీలో సీఎన్జీ ఎక్కించి మీ చేతికిచ్చాకే మిగతా డబ్బు కట్టండి.